మైండ్ అంటే మనసేనా?

లండన్ భూగర్భ రైలు ఎక్కబోయే మనవాళ్ళకు మొదట వినిపించే ఇంగ్లిషు ముక్క 'మైండ్ ద గ్యాప్'. రికార్డు చేసిన ఈ హెచ్చరిక 1968లో మొదలైంది. ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య సందుంది, కాలు పోతుంది, చూసుకో అని దాని భావం. అక్కడ నిలబడ్డవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కానీ చిన్నప్పుడు నోటుబుక్కులో 'మైండ్ అంటే మనసు' అని రాసుకున్న మనిషి మాత్రం ఒక్క క్షణం తటపటాయిస్తాడు. సందుకూ మనసుకూ ఏమిటి సంబంధం?

సంబంధం వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిషులో ఉంది. అప్పట్లో ఈ మాటకు ముఖ్యమైన అర్థం జ్ఞాపకం. ఒకదాన్ని 'మైండ్' చేయడమంటే దాన్ని జ్ఞాపకంలో ఉంచుకోవడం. జ్ఞాపకం ఉంచుకున్నవాడు జాగ్రత్తపడతాడు. జాగ్రత్తపడేవాడికే పిల్లల్నో కొట్టునో కాస్త చూస్తూ ఉండమని అప్పగిస్తాం. ఇలా ఒక అర్థం నుంచి మరొకటి జారుతూ వచ్చింది. ఇంగ్లండులో డబ్బు తీసుకుని ఇతరుల పిల్లల్ని చూసుకునే ఆమెను నేటికీ 'చైల్డ్ మైండర్' అంటారు. 'రిమైండ్' అంటే గుర్తుచేయడం, 'బేర్ ఇన్ మైండ్' అంటే గుర్తుంచుకోవడం, 'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్' అంటే బతికున్న వాళ్ళెవరి జ్ఞాపకానికీ అందనంత పాతకాలం. వీటిలో మనసు ఎక్కడా లేదు.

మరి తెలుగులో దీనికి సరిజోడు ఏది? నన్నడిగితే మతి. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఇండో-యూరోపియన్ భాషల పుట్టువును తవ్వినవాళ్ళు తలచడం అనే అర్థమున్న 'మెన్' అనే ధాతువును చూపిస్తారు. అందులోంచి ఒకే తీరుగా తయారైన మాట సంస్కృతంలో మతి అయింది, లాటిన్‌లో మెన్స్ అయింది (మెంటల్ అక్కడిదే), ఇంగ్లిషులో మైండ్ అయింది. మనస్సు కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే, కాకపోతే దాని తయారీ వేరు. మతి, మైండ్ తోబుట్టువులైతే మనసు పినతల్లి బిడ్డ. తెలుగు ద్రావిడ భాష కనుక ఈ చుట్టరికమంతా సంస్కృతం వెంట మన ఇంటికి వచ్చిందే, మన సొంత రక్తం కాదు. అయినా వచ్చిన మతి మన ఇంట్లో ఎంత చక్కగా కుదురుకుందో చూడండి. మతిమరుపు మనిషి అంటే 'ఆబ్సెంట్ మైండెడ్'. మతి చెడిందంటే 'అవుట్ ఆఫ్ హిజ్ మైండ్'. మతిలేని పని అంటే 'మైండ్‌లెస్'. ఆ ఇల్లు చూస్తే మతిపోయింది అన్నామంటే, కుర్రాళ్ళు 'మైండ్ బ్లోయింగ్' అనేది అదే.

ఇప్పుడు మనసును పెట్టి చూద్దాం. మనసు విరిగింది, మనసిచ్చాడు, మనసున్న మనిషి, మనసుకు హత్తుకుంది. వీటిలో ఒక్కదానికీ ఇంగ్లిషులో మైండ్ పనికిరాదు. అన్నింటికీ హార్టే. 'షి బ్రోక్ మై మైండ్' అని ఎవరైనా రాస్తే ఆమె ఏ లెక్కల పేపరో ఇచ్చి చంపిందనుకుంటారు. కాబట్టి ఇంగ్లిషులో మైండ్ కనిపిస్తే మొదట మతినో బుద్ధినో బుర్రనో పెట్టి చూడాలి. తెలుగులో మనసు కనిపిస్తే మొదట హార్ట్ పెట్టి చూడాలి. ఇది అన్నిచోట్లా చెల్లే సూత్రం కాదు. మనశ్శాంతిని వాళ్ళు 'పీస్ ఆఫ్ మైండ్' అనే అంటారు. 'ఛేంజ్ ఆఫ్ మైండ్', 'ఛేంజ్ ఆఫ్ హార్ట్' రెండూ ఉన్నాయి, రెండింటికీ మనం మనసు మార్చుకోవడం అనే అంటాం. టిఫిన్‌కు ఇడ్లీ చెప్పి అంతలోనే దోశకు మారితే మొదటిది. పదేళ్ళుగా మాట్లాడని తమ్ముడి ఇంటికి పండక్కి బయల్దేరితే రెండోది.

ఆ 'పీస్ ఆఫ్ మైండ్' దగ్గరే ఒక తమాషా ఉంది. శాంతి అనే పీసూ ముక్క అనే పీసూ చెవికి ఒకటే. 'నిన్న మా మేనేజర్‌కు ఎ పీస్ ఆఫ్ మై మైండ్ ఇచ్చాను' అని ఒక ఇంగ్లిషు మనిషి అంటే, పాపం ఓదార్చాడు కాబోలనుకోకండి. ముఖం మీదే కడిగేశాడన్నమాట. 'స్పీక్ యువర్ మైండ్' కూడా మనసు విప్పి చెప్పుకోవడం కంటే, మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పేయడానికి దగ్గర.

ఇంకో చిక్కు మనవాళ్ళను రైళ్ళలో, ఆఫీసుల్లో రోజూ ఇరికిస్తుంది. పక్క సీటు ఖాళీగా ఉంటే ఎవరో వచ్చి, 'డు యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?' అంటారు. ఇక్కడ కూర్చోవచ్చా అన్నట్టు మన చెవికి వినిపిస్తుంది. మర్యాదగా 'యెస్, యెస్' అంటాం. అడిగినవాడు బిక్కమొహం వేస్తాడు. ఎందుకంటే ఆ ప్రశ్న 'కూర్చోవచ్చా' కాదు, 'కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా'. దానికి అవునవును అంటే పొమ్మన్నట్టే. 'నాట్ ఎట్ ఆల్' అనాలి. లోపల ప్రశ్నను ఒకసారి 'అభ్యంతరమా' అని తిప్పుకుంటే నోరు దానంతటదే సరిగ్గా తిరుగుతుంది.

తలకాయ సంగతికొస్తే రెండు భాషల బొమ్మలూ భలే ఎదురుబొదురు. పాఠం అర్థం కాకపోతే ఇంగ్లిషువాడికి అది తల మీదుగా వెళ్ళిపోతుంది, 'వెంట్ ఓవర్ మై హెడ్'. మనకు బుర్రకెక్కదు. వాళ్ళ పాఠం పైనుంచి ఎగిరే పిట్ట, మన పాఠం కింది నుంచి ఎక్కలేక జారిపోయే చీమ. పైగా మనం బుర్రకెక్కడాన్నీ తలకెక్కడాన్నీ విడదీశాం. బుర్రకెక్కితే చదువు, తలకెక్కితే పొగరు. ఈ రెండోదానికి మాత్రం ఇంగ్లిషులో అచ్చం అదే బొమ్మ ఉంది, 'ఇట్ వెంట్ టు హిజ్ హెడ్'. ఇక బుర్ర అంటే అసలు కొబ్బరి బుర్ర, ఆనపకాయ బుర్ర. లోపల డొల్లగా ఉండే గట్టి పెంకు. బ్రిటిష్ వాడుకలో తలను 'నట్' అనడం కూడా అలాంటి పోలికే. కాస్త బుర్ర వాడరా అనడానికి లండన్ వాళ్ళు 'యూజ్ యువర్ లోఫ్' అని కూడా అంటారు. లోఫ్ అంటే రొట్టె. హెడ్‌కు ప్రాస కలిసేది బ్రెడ్, 'లోఫ్ ఆఫ్ బ్రెడ్'. ఆ ప్రాసమాటనే మింగేసి లోఫ్ ఒక్కటే మిగిల్చారు. ఇది తూర్పు లండన్ కాక్నీల ప్రాస యాస. తెలియనివాళ్ళకు తలా తోకా దొరకదు, దాని ఉద్దేశమూ అదే.

జ్ఞాపకం దగ్గర కాసేపు ఆగాలి. 'బైహార్ట్ చేశావా?' అని తెలుగు ఇళ్ళలో అడగని తల్లి లేదు. చదువుకోవడం తలతో కదా, మధ్యలో గుండె ఎందుకొచ్చింది? ఒకప్పుడు ఆలోచన గుండెలోనే ఉంటుందని చాలామంది నమ్మేవారు. ఈజిప్టువాళ్ళు శవాన్ని మమ్మీగా చేసేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసి, గుండెను మాత్రం జాగ్రత్తగా లోపలే ఉంచేవారు. అరిస్టాటిల్ అంతటివాడు కూడా గుండెదే తెలివి అన్నాడు, మెదడు పని నెత్తుటిని చల్లబరచడమే అన్నాడు. గుండెది కాదు, మెదడే అని క్రీస్తు శకం 2వ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు జంతువుల మీద ప్రయోగాలు చేసి వాదించాడు. శాస్త్రం మారినా మాట మారలేదు. 14వ శతాబ్దపు కవి చాసర్ నాటికే 'బై హార్ట్' ఇంగ్లిషులో ఉంది. ఫ్రెంచివాళ్ళూ కంఠతా రావడాన్ని గుండెతోనే చెబుతారు. అంతకంటే తమాషా 'రికార్డు'. లాటిన్‌లో 'కోర్' అంటే గుండె. మళ్ళీ గుండెకు తెచ్చుకోవడం, అంటే జ్ఞాపకం చేసుకోవడం, ఆ మాట అసలు అర్థం. తహసీలు ఆఫీసు రికార్డు గదిలో దుమ్ము పట్టి, చెదలు కొట్టి, అడిగితే దొరకని కట్టలన్నీ పేరుకు మాత్రం గుండెలో దాచుకున్నవే.

మనం గుండెలో పెట్టుకోలేదు, గొంతులో పెట్టుకున్నాం. కంఠస్థం, కంఠతా, ఎక్కాలు నోటికి వచ్చు. కాగితం మీద కంటే నోటి మీద ఎక్కువ నమ్మకమున్న చదువు మనది. అర్థం పట్టించుకోకుండా అప్పజెప్పే చదువుకు మాత్రం బట్టీ అని విడిగా పేరుపెట్టాం. ఇంగ్లిషులో ఆ తేడా కావాలంటే 'రోట్ లెర్నింగ్' అనాలి. 'బై హార్ట్' అన్నప్పుడు వాళ్ళకు తిట్టు వినిపించదు, ఇష్టమైన పద్యం నోటికి రావడమే వినిపిస్తుంది.

జ్ఞాపకం చుట్టూ లాటిన్ ముక్కలు మన ఆఫీసుల్లో తిష్ఠ వేసి వింత వేషాలు కట్టాయి. మెమొరాండం అంటే గుర్తుంచుకోదగినది. కత్తిరిస్తే మెమో. పదో తరగతి పిల్లవాడికి మెమో అంటే మార్కుల కాగితం, గుమాస్తాకు మెమో అంటే సంజాయిషీ అడిగే పిడుగు. సభల్లో శాలువాతో పాటు ఇచ్చే జ్ఞాపికను వేదిక మీది వ్యాఖ్యాత తప్పకుండా 'మొమెంటో' అంటాడు. అది మొమెంటో కాదు, మెమెంటో. లాటిన్‌లో 'గుర్తుంచుకో!' అని ఆజ్ఞ. క్షణం అనే అర్థమున్న మొమెంట్‌కూ దానికీ పొత్తు లేదు. అయితే ఇంగ్లిషువాళ్ళే చాలామంది ఇలా పలుకుతారు కనుక మన వ్యాఖ్యాతను మరీ వేధించనక్కర్లేదు.

'రిమెంబర్ మీ టు బ్రింగ్ మిల్క్' అని మన పిల్లలు రాసే తప్పు వెనుక మన భాష అందమే ఉంది. తెలుగులో గుర్తు ఒక్కటే. గుర్తు అంటే ఆనవాలు. ఎన్నికల్లో పార్టీకి ఉండేదీ గుర్తే, చెట్టు మీద గీసేదీ గుర్తే. దానికి పక్కన ఏ క్రియ చేరితే ఆ పని చేస్తుంది. గుర్తుపెట్టుకో అంటే రిమెంబర్. గుర్తుచెయ్యి అంటే రిమైండ్. గుర్తుపట్టు అంటే రికగ్నైజ్. గుర్తుతెచ్చుకో అంటే రికాల్. మనకు ఒకే కుటుంబం, వాళ్ళకు నాలుగు వేర్వేరు మాటలు. పిల్లవాడు ఒకదాని బదులు మరొకటి వాడటంలో వింతేముంది? ఈ నాలుగు జతలనూ పక్కపక్కన ఒకసారి రాసుకుంటే ఆ తప్పు మళ్ళీ రాదు.

ఇంతకంటే లోతైన తేడా మరొకటుంది. 'ఐ రిమెంబర్' అంటుంది ఇంగ్లిషు. నేను చేసిన పని అది. తెలుగులో 'నాకు గుర్తొచ్చింది' అంటాం. నేనేమీ చేయలేదు, జ్ఞాపకం తనే నడిచి నా దగ్గరకు వచ్చింది. 'నాకు అనిపిస్తోంది' కూడా అంతే. ఈ 'నాకు' ధోరణి ఇంగ్లిషుకు పరాయిదనుకుంటాం గానీ, పూర్వం వాళ్ళకూ ఉండేది. పాత ఇంగ్లిషులో ఆలోచించడానికి ఒక క్రియ, అనిపించడానికి ఒక క్రియ వేర్వేరుగా ఉండేవి. పలుకుబడిలో దగ్గరగా ఉండటంతో క్రమంగా రెండూ కలిసిపోయి థింక్ ఒక్కటే మిగిలింది. షేక్‌స్పియర్ నాటకాల్లో తరచు కనిపించే 'మీథింక్స్' ఆ రెండో క్రియ ఆనవాలు. 'నేను అనుకుంటాను' అని కాదు, 'నాకు అనిపిస్తుంది' అనే దాని అర్థం. అచ్చం మన మాటే. 'ఇట్ సీమ్స్ టు మీ', 'ఇట్ అకర్డ్ టు మీ' అనేవి ఆ చోటును నింపుతున్నాయి. తెలుగు తలతో ఇంగ్లిషు రాసేవాళ్ళకు ఇవి చేతికి చక్కగా అమరుతాయి.

అనుకోవడం అన్నాను కదా. ఆ మాటను విప్పి చూడండి: అను, కొను. తనకు తాను చెప్పుకోవడం. తెలుగువాడికి ఆలోచన లోపలి మాట. అనుకోకుండా జరిగిందంటే లోపల ముందే చెప్పుకోకుండా జరిగిందని. ప్లేటో కూడా ఆలోచన ఆత్మ తనతో తాను జరుపుకునే సంభాషణ అన్నాడు, అంత లోతు మాటను మనం వాన వస్తుందనుకున్నా, బస్సు పోయిందనుకున్నా అని పూటకు పదిసార్లు వాడేస్తాం. ఆలోచన వేరు, అది సంస్కృతం, చూడటానికి సంబంధించినది. లోచనం అంటే కన్ను. ఈ రెంటినీ విడిగా పట్టుకుంటే ఇంగ్లిషులో ఒక మొండి తప్పు పోతుంది. 'వాన వస్తుందనుకుంటున్నాను'లో చివర 'ఉన్నాను' ఉంది కదా అని 'ఐ యామ్ థింకింగ్ ఇట్ విల్ రెయిన్' అంటాం. అనుకుంటున్నాను అంటే 'ఐ థింక్'. ఆలోచిస్తున్నాను అంటేనే 'ఐ యామ్ థింకింగ్'.

ఆలోచించడానికి ఇంగ్లిషు వాడే లాటిన్ మాటల్లో చాలా వాటి వెనుక చేతిపని ఉంటుంది. 'పాండర్' తూకం వేయడం. 'డెలిబరేట్' వెనుక కూడా త్రాసే ఉందంటారు. 'కాలిక్యులేట్' గులకరాళ్ళతో లెక్కపెట్టడం. 'కాంప్రిహెండ్' చేత్తో పట్టుకోవడం, మన గ్రహించడం కూడా పట్టుకోవడమే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'రూమినేట్'. రూమెన్ అంటే ఆవు పొట్టలో మేత ముందుగా చేరే అర. అక్కడినుంచి మళ్ళీ నోటికి తెచ్చుకుని నమలడం, అంటే నెమరువేయడం. రెండు భాషలూ ఒకే ఆవును చూశాయి, రెండు రకాలుగా చూశాయి. మనం నెమరువేసుకునేవి చిన్ననాటి ముచ్చట్లు, వేసవి సెలవులు, అమ్మమ్మగారి ఊరు. తీపి లేనిదాన్ని నెమరువేసుకున్నామని సాధారణంగా అనం. ఇంగ్లిషులో రూమినేట్ మామూలుగా తీరిగ్గా ఆలోచించడమే, కానీ మనస్తత్వ శాస్త్రంలో 'రూమినేషన్' జబ్బు లక్షణం. జరిగిన చేదునే తిప్పి తిప్పి తలచుకోవడం అది. అమెరికా శాస్త్రవేత్త సూసన్ నోలెన్ హోక్సెమా ఈ అలవాటుకూ కుంగుబాటుకూ ఉన్న ముడిని ఏళ్ళ తరబడి పరిశోధించారు. డాక్టరు 'డు యూ రూమినేట్?' అని అడిగినప్పుడు అమ్మమ్మగారి ఊరి సంగతి చెప్పకూడదు.

'ట్రెయిన్ ఆఫ్ థాట్' అనగానే మనకు రైలు పెట్టెలు కనిపిస్తాయి. నాకూ చాలాకాలం కనిపించాయి. కానీ థామస్ హాబ్స్ తన 'లెవయథన్'లో ఈ మాట వాడింది 1651లో. ఆవిరి బండి ప్రయాణికులను మోసిన స్టాక్‌టన్-డార్లింగ్టన్ రైలుమార్గం తెరిచింది 1825లో. అంటే రైలుకు పేరు రాకముందే ఆలోచనకు ఆ పేరు ఉంది. ట్రెయిన్ అంటే అప్పట్లో వెంట ఈడ్చుకుంటూ వచ్చే వరుస. రాణిగారి గౌను వెనక నేల మీద జీరాడే కుచ్చెళ్ళనూ ట్రెయిన్ అనేవారు, ఇప్పటికీ అంటారు.

గత శతాబ్దంలో పుట్టిన మెదడు మాటల్లో కొన్ని పుట్టుకతోనే వార్తలు. 1906లో న్యూయార్క్‌లో హ్యారీ థా అనే ధనవంతుడు స్టాన్‌ఫర్డ్ వైట్ అనే వాస్తుశిల్పిని జనం మధ్యే కాల్చి చంపాడు. మరుసటి ఏడాది విచారణలో అతని తరఫున వచ్చిన వైద్యులు ఆ క్షణాన అతనికి 'బ్రెయిన్ స్టార్మ్' వచ్చిందన్నారు, మెదడులో తుపాను, అంటే మతి తప్పిందని. ఆ మాటే తర్వాత ప్రకటనల కంపెనీ పెద్ద అలెక్స్ ఆస్బర్న్ చేతిలో పడి, 1953లో వచ్చిన ఆయన పుస్తకంతో ఆఫీసు గదులకెక్కింది. పదిమందీ కూర్చుని తోచిందల్లా చెప్పడానికి పేరైంది. మన పత్రికలవాళ్ళు దాన్ని తెలుగులోకి తెస్తూ తుపానును పక్కనపెట్టి మేధోమథనం అన్నారు. నాకు అసలు కంటే ఇదే నచ్చుతుంది. తుపాను వచ్చి పోతుంది. చిలికితే ఏదో ఒకటి పైకి తేలుతుంది, మొదట విషమైనా సరే.

'బ్రెయిన్ డ్రెయిన్' 1960ల మొదట్లో బ్రిటన్ పత్రికల మాట, అక్కడి శాస్త్రవేత్తలు అమెరికాకు తరలిపోతుంటే. డ్రెయిన్‌ను మురుక్కాలువ చేయకుండా మనవాళ్ళు మేధోవలస అన్నారు. దాంతో ఇంగ్లిషులో లేని పొత్తు ఒకటి తెలుగులో కుదిరింది. పాలమూరు కూలీలు తట్టాపార పట్టుకుని ముంబయికి పోయినా వలసే, ఇంజినీరు డాలసుకు పోయినా వలసే. 'బ్రెయిన్‌వాష్' మాత్రం ఇంగ్లిషుకు కూడా అనువాదమే. 1950లో ఎడ్వర్డ్ హంటర్ అనే అమెరికన్ పత్రికా రచయిత, చైనీయుల 'మెదడు కడగడం' అనే మాటను తెచ్చి పరిచయం చేశాడు. చైనా కమ్యూనిస్టుల మీద పడిన ఆ మాట ఇప్పుడు మన టీవీ సీరియళ్ళలో కోడళ్ళ మీద పడుతోంది.

కంప్యూటరువాళ్ళు మెమరీ అనే మాటను మనుషుల దగ్గర అరువు తెచ్చుకున్నారు. 19వ శతాబ్దంలో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రంలో ఆ భాగాన్ని 'స్టోర్' అన్నాడు, గాదె అన్నట్టుగా. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రాసిన నివేదికలో అది మెమరీ. అరువు ఇప్పుడు వడ్డీతో తిరిగొస్తోంది. హైటెక్ సిటీ పిల్లలు తీరిక లేదనడానికి 'బ్యాండ్‌విడ్త్ లేదు' అంటున్నారు.

ఒక అనుభవం దగ్గర మాత్రం భాషలు దాదాపు ఒకటే మాట మీదికి వస్తాయి. పేరు తెలుసు, ముఖం కళ్ళ ముందుంది, మొదటి అక్షరం కూడా తోస్తోంది, మాట మాత్రం పలకదు. ఇంగ్లిషులో 'టిప్ ఆఫ్ ద టంగ్', మనకు నాలుక చివర ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెన్నెట్ ష్వార్ట్జ్ 1999లో 51 భాషల్లో దీన్ని ఏమంటారో ఆరాతీస్తే, 45 భాషలు నాలుకనే పట్టుకున్నాయి. కొరియావాళ్ళకైతే ఆ మాట నాలుక కొసన మెరుస్తూ ఉంటుందట. ఇక ఆ పేరు కోసం ఎంత తన్నుకున్నా రాదు. వదిలేసి, రాత్రి గిన్నెలు కడుగుతుంటేనో, మంచం మీద ఇటు నుంచి అటు తిరుగుతుంటేనో ఉన్నట్టుండి తగులుతుంది. అప్పుడు ఎవరూ 'గుర్తుతెచ్చుకున్నాను' అనరు. పక్కనున్నవాళ్ళను లేపి మరీ, 'ఆఁ, వచ్చింది, వచ్చింది!' అంటారు.